నూట పన్నెండో పేజీ దాకా

మా మలేషియాలో నూటయాభై ఏళ్ల కిందట జరిగిన సెలంగోర్ అంతర్యుద్ధం మీద నా దగ్గర నలభై మూడు పాత పుస్తకాలున్నాయి. ఏ కోట ఏ తేదీన పడిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మా ఊరు బాగన్ దాతుక్‌లో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మొన్న మా వదిన రామలక్ష్మి వేరే ప్రశ్న అడిగింది. ఆమె చెల్లెలు, నా భార్య శాంతాదేవి, పోయి ఆ రోజుకి ఏడాది. సంవత్సరీకం నాడు ఫొటో ముందు ఆకు వేసి, పోయినవాళ్లకు ఇష్టమైనవి పెట్టడం మా ఆనవాయితీ.

"దానికేటిష్టం, మరిదీ?"

"నెత్తళ్ళ సంబల్," అన్నాను. చిన్న చేపలతో చేసే ఇక్కడి మిరపకారం కూర.

"అది నీకిష్టం. నీకోసమే వండీది."

"కొబ్బరి బూరెలు?"

"అవి నాకిష్టం."

ముప్పై ఒక్క ఏళ్లు బడిలో చరిత్ర చెప్పినవాణ్ణి. ఆధారం లేకుండా రాయకూడదని పిల్లల మార్కులు కోసినవాణ్ణి.

వదినే అంది. "ఆ యుద్ధం పుస్తకం దానికిష్టం. రోజూ ఫోన్ సేసి కత సెప్పీది. కోట సుట్టూ సైన్నెం దిగినాది, లోపల బియ్యం అయిపోనాయి అన్నాది. మరి సెప్పనేదు. తరవాత ఏటైనాది?"

ఏ పుస్తకమో నాకు తెలుసు. పెనాంగ్‌లో కొన్న ఇంగ్లీషు పుస్తకం. పూర్వం కాగితాలు మడిచి, అంచులు కోయకుండానే కుట్టేవారు. మడతలు కోసుకోవడం చదివేవాడి పని. ఎవరూ కోయని ప్రతి అంటే మా బోటి పోగేసేవాళ్లకు ప్రాణం. ఒకరోజు శాంత దాన్ని వంటకత్తితో కోస్తూ కనబడింది. అప్పటికి నూట పన్నెండో పేజీ. నేను అరవలేదు, అరిచే మనిషిని కాను. వారం రోజులు మాట్లాడలేదు, అంతే. ఆమె కత్తి కడిగి పెట్టేసింది.

"సెప్పు మరిదీ. లోపలోళ్లు ఏటైనారు?"

"తెలీదు వదినా. కోట పడిన తేదీ తెలుసు. ఆ పుస్తకం నేను చదవలేదు."

"మరెందుకు కొన్నావు?"

లేచి ఆ పుస్తకం, వంటకత్తి తెచ్చాను. మొదటి మడతలోనే మూడు వరుసల అక్షరాలు చీల్చేశాను. వదిన కత్తి లాక్కుంది. నేను పుస్తకం పట్టుకున్నాను, ఆమె చేపలు కోసే నేర్పుతో చివరిదాకా కోసింది.

ఆకులో అన్నం, పప్పు, ఊహించి చేసిన రెండు కూరలు పెట్టాం. ఫొటో ముందు కూర్చుని నూట పదమూడో పేజీ నుంచి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. లోపలివాళ్లు వానలో నది దాటి తప్పించుకున్నారు. రెండు వాక్యాలు. ఆ తర్వాత రచయితగారు తన గుర్రం జబ్బు గురించి తొమ్మిది పేజీలు రాశారు.

"గుర్రానికి తగ్గినాదా?" అంది వదిన.

"ఇంకా లేదు," అని పేజీ తిప్పాను.