ముప్పై ఒకటో నంబరు ఊపిరి

తౌనోకి శుభ్రం పిచ్చి. ఔలు అనే ఊరి ఆసుపత్రిలో మెదడు స్కాన్లని కంప్యూటర్లో కడిగి పెట్టడం అతని ఉద్యోగం. మెదడు బొమ్మ తీస్తుంటే గుండె కొట్టుకోవడం, ఊపిరి తీయడం కూడా అందులో పడిపోతాయి. ఆ రెండిటినీ చెత్త కింద జమకట్టి పాతికేళ్లుగా ఏరిపారేస్తూ వచ్చాడు. నువ్వు కడిగిన బొమ్మలో మనిషి బతికున్న ఆనవాలు కూడా మిగలదని స్కానర్ నర్సు సిర్కా ఎగతాళి చేసేది.

ఇప్పుడు కథ అడ్డం తిరిగింది. మెదడులోని మురికిని మోసుకుపోయే నీళ్లు కొన్ని ఉన్నాయట. వాటిని ముందుకి తోసేవి ఆ గుండె, ఆ ఊపిరేనట. సూది గుచ్చకుండా, రంగు మందు ఎక్కించకుండా ఆ నీటి కదలికని పట్టాలంటే తౌనో పారేసిన చెత్తే కావాలి. పన్నెండేళ్ల కిందట జబ్బులేని వాళ్లకి తీసిన స్కాన్లు, కడగనివి, వెతికి ఇమ్మన్నారు పైవాళ్లు.

జాబితాలో పేర్లుండవు, నంబర్లే. ముప్పై ఒకటి దగ్గర అతని వేలు ఆగిపోయింది. అది ఇర్మెలిది. ఆ రోజుల్లో స్కానర్లో పడుకోవడానికి మనుషులు దొరక్క, దాల్చినచెక్క బన్ను ఆశ చూపించి పెళ్లాన్నే లోపలికి పంపాడు మహానుభావుడు. ఇర్మెలి చనిపోయి మొన్న అక్టోబరుకి ఏడాది నిండింది. మంచం మీద ఆవిడ వైపుకి అతనింకా జరగలేదు. పక్కన ఆ ఊపిరి వినపడక నిద్ర రావడం మానేసింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి దాన్ని మళ్ళీ చూడాలని ప్రాణం కొట్టుకుంది.

ఫోల్డర్ తెరిచాడు. కడిగిన బొమ్మ ఒక్కటే ఉంది. అసలుది, డిస్కు నిండిపోతోందని ఎప్పుడో తనే చేతులారా చెరిపేశాడు.

సిర్కా రెండు కప్పుల కాఫీతో వచ్చేసరికి అలాగే కూర్చుని ఉన్నాడు.

"ఏంటా మొహం? ఊళ్లో కాఫీ నిండుకుందా?"

"ఇర్మెలిది చెరిపేశాను, సిర్కా."

నవ్వబోయి ఆగింది సిర్కా. కుర్చీ లాక్కుంది. "నీ శుభ్రం తగలెయ్య! సరే, బొమ్మలోంచి తీసిన చెత్త ఏం చేశావు?"

"చెత్త ఎవరైనా దాచుకుంటారా?"

"నువ్వు దాచుకోవు. కానీ నిన్ను నమ్మని పాత పెద్ద డాక్టరు ఒకాయన ఉండేవాడు కదా? 'వీడు చెత్తతో పాటు మెదడు కూడా ఊడ్చేస్తున్నాడేమో, ఊడ్చింది నాకు చూపించమనండి' అనేవాడు."

తౌనో దిగ్గున లేచాడు. నిజమే. ఆ జాబితాలో మొదటి యాభై మందివీ ఆయన కోసం విడిగా దాచాడు. బీరువా అడుగున పాత డిస్కు, అందులో 'చెత్త' అని తనే పేరు పెట్టిన ఫోల్డర్. ముప్పై ఒకటి ఉంది.

తెర మీద మెదడు గీతలేవీ లేవు. బూడిదరంగు మరక ఒకటి మెల్లగా ఉబ్బింది, తగ్గింది, మళ్ళీ ఉబ్బింది. ఇర్మెలి ఊపిరి తీస్తోంది. నిమిషానికి పన్నెండు సార్లు, ఏ తొందరా లేకుండా, ముప్పై ఏళ్లు పక్కన విన్నట్టే. తౌనో తెలియకుండానే ఆవిడతో పాటు పీలుస్తూ, వదులుతూ కూర్చున్నాడు.

ఆరో నిమిషంలో మరక ఎగిరెగిరి పడింది. ఎనిమిది సెకన్లకి మళ్ళీ సర్దుకుంది.

"దగ్గిందా?" అన్నాడు తౌనో కంగారుగా.

"దగ్గా? మర్చిపోయావా? మైకు ఆపకుండా నాతో అన్నావుగా, 'మా ఆవిడ ఇంతసేపు నోరు మూసుకుని ఉండటం పెళ్లయ్యాక ఇదే మొదలు' అని! లోపల విని పగలబడి నవ్వింది."

అప్పుడు గుర్తొచ్చింది. కొలత పాడుచేసిందని ఆ రోజు కారెక్కిన దగ్గర్నుంచి ఇల్లు చేరేదాకా ఇర్మెలిని సాధించాడు. "సరేలే, ఆ ఎనిమిది సెకన్లూ కోసి పారెయ్" అంది ఆవిడ, కిటికీలోంచి మంచు చూస్తూ. కడిగిన బొమ్మలోంచి పారేశాడు కూడా. ఆ నవ్వు ఎలా వినిపించేదో ఇప్పుడు ఎంత తవ్వుకున్నా చెవికి అందడం లేదు.

"ఆ ముక్క పనికిరాదు కదా, కత్తిరించే పంపాలేమో?" సిర్కా మెల్లగా అడిగింది.

రూలంటే రూలే. కారణం రాయాల్సిన గడిలో ఇన్నేళ్లూ 'కదలిక' అనే రాశాడు. ఈసారి 'నవ్వింది' అని టైపు కొట్టాడు.

"రేపు కోస్తాను. ఇవాళ్టికి ఉండనీ."

సిర్కా అతని భుజం మీద చెయ్యేసి, తన కప్పు తీసుకుని వెళ్లి తలుపు దగ్గరికి వేసింది. తౌనో బొమ్మని ఆరో నిమిషానికి కాస్త ముందుదాకా వెనక్కి జరిపాడు. మరక ఉబ్బుతోంది, తగ్గుతోంది. గొంతు సవరించుకున్నాడు.

"మా ఆవిడ ఇంతసేపు నోరు మూసుకుని ఉండటం పెళ్లయ్యాక ఇదే మొదలు," అన్నాడు తెరతో.

ఇర్మెలి నవ్వింది.