బానెట్ అడుగు రంగు

పాత కార్ల వాళ్ళంతా ఆయన్ని మిల్లీమీటరు అంటారు. మొదట్లో వెనకాల అనుకునేవాళ్ళు, తర్వాత మొహం మీదే అనడం అలవాటు చేసుకున్నారు. ఆయన కోప్పడలేదు సరికదా, లోలోపల మురిసిపోయాడు.

పాత కారు బాగుచేయడమంటే దాన్ని కొత్త పెళ్ళికూతురిలా మెరిపించడం కాదని ఆయన పట్టుదల. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు అదెలా ఉందో అలాగే నిలబెట్టాలి. ఆనాడు వైపర్ కాడ అర అంగుళం పొట్టిదైతే ఇవాళా పొట్టిగానే ఉండాలి. డోరు లోపలి అతుకు ఫ్యాక్టరీవాడు వంకరగా వేస్తే, అది చక్కగా సాపు చేసిన మెకానిక్‌కి ఆయన చేతిలో మూడినట్టే.

"వాడి వంకర వాడిది. దిద్దడానికి నువ్వెవడివి?" అనేవాడు.

పాత కార్ల క్లబ్బు వాళ్ళు ఏటా పెట్టే పోటీకి ఆయనే పెద్ద తీర్పరి. ఏ బోల్టు ఏ సైజో, ఏ భాగం ఏ రంగో నలభై పేజీల పుస్తకం రాశాడు. మార్కులన్నీ దాని ప్రకారమే. అందులో పంతొమ్మిదో పేజీలో ఒక మాట ఉంది: "బానెట్ అడుగు భాగం చిక్కని నలుపు. మరే రంగున్నా ఐదు మార్కులు కోత."

ఆ ఒక్క మాట మూలంగా ఆయన బావమరిది పద్నాలుగేళ్ళుగా ఆయన గుమ్మం తొక్కలేదు.

బావమరిది పెయింటరు. రంగు డబ్బా మూత తీయడం దగ్గర్నుంచి మిల్లీమీటరే నేర్పాడు. కానీ చెయ్యి మటుకు వాడికి పుట్టుకతో వచ్చింది. స్ప్రే గన్ను పట్టుకుంటే రంగు మంచులా దిగేది. ఆ ఏడాది పోటీకి వాడు ఒక కారు బానెట్ అడుగున నలుపు కొట్టలేదు. ఎర్రమట్టి ప్రైమరు మీద బాడీ రంగే పల్చగా చల్లి వదిలేశాడు. అందరి ముందూ మిల్లీమీటరు ఐదు మార్కులు కోశాడు.

"నల్లది ఫ్యాక్టరీ పని కాదు బావా. దగ్గరగా చూడు, బ్రష్షు గీతలున్నాయి. అన్ని వందల కార్లు వదిలేవాడు బ్రష్షు పట్టుకుని కూర్చుంటాడా? అది తర్వాతెవరో పూసిందే," అన్నాడు వాడు. తుక్కులో దొరికిన బానెట్ ముక్క ఒకటి తెచ్చి, నలుపు గీకి, కింద ఉన్న రంగు చూపించాడు.

మిల్లీమీటరు ఆ ముక్క చేతిలోకి కూడా తీసుకోలేదు.

"ఈ రంగు నువ్వే కొట్టి, పైన నలుపు పూసి, మళ్ళీ నువ్వే గీకి తెచ్చావు," అన్నాడు.

అంతే. పోటీకి వచ్చిన వాళ్ళంతా విన్నారు. దొంగ సాక్ష్యం తెచ్చినవాడి చేతికి పాత కారు ఎవరిస్తారు? ఆ తర్వాత వాడు గేట్లకీ, కిటికీ ఊచలకీ, మేడల మీద నీళ్ళ ట్యాంకులకీ రంగులు వేసుకుంటూ బతికాడు.

ఇప్పుడు మిల్లీమీటరు షెడ్డుకి టీచరమ్మ కారు బాగుకి వచ్చింది. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. కారు ఆవిడ నాన్నది. నాన్న పోయాక నలభై ఏళ్ళు వాళ్ళ ఇంటి షెడ్డులో గోనెపట్టాల కింద పడి ఉంది. ఇంకెవరి చెయ్యీ పడలేదు, ఒక్క స్క్రూ మారలేదు. అలాంటిది దొరకడమంటే మిల్లీమీటరుకి నిధి దొరికినట్టే. ఆదివారం పోటీ. బుధవారం నాటికి అన్నీ అయ్యాయి, బానెట్ ఒక్కటే మిగిలింది.

బానెట్ విప్పి బల్ల మీద బోర్లించాడు. అడుగంతా నల్లగా ఉంది. అనుకున్నదే. మీద కొత్త నలుపు కొట్టేముందు జిడ్డు పోవాలని కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు.

నలుపు గుడ్డకొచ్చేసింది.

ఇంకోసారి తుడిచాడు. అది రంగు కాదు, ఇంజను మసి. మసి కింద లేత ఆకుపచ్చ. కారు ఒంటి రంగే, కాకపోతే పల్చగా, దుమ్ము వాలినట్టు. అక్కడక్కడా ఎర్రమట్టి ప్రైమరు తొంగిచూస్తోంది. మసి తప్ప నలుపన్నది ఎక్కడా లేదు. చిన్న సందుల్లోకి పుల్లకి గుడ్డ చుట్టి తుడిచి చూశాడు. లేదు.

టీచరమ్మకి ఫోన్ చేశాడు.

"మీ నాన్నగారు ఈ కారు ఏ షోరూంలో తీసుకున్నారమ్మా?"

"షోరూంలో ఎక్కడండీ. ఫ్యాక్టరీ దాకా రైల్లో వెళ్ళి, గేటు దగ్గరే తాళాలు తీసుకుని తోలుకొచ్చారు. షోరూం వాళ్ళు తుప్పు పట్టకుండా బానెట్ కింద నల్లగా తారేదో పూసి ఇచ్చేవాళ్ళట. మా అమ్మకి ఆ వాసన పడదు, కడుపులో తిప్పేది. అందుకని అంత దూరం పోయారు. ఏం, ఏదైనా తేడా వచ్చిందా?"

"ఏం లేదమ్మా. ఊరికే అడిగాను," అన్నాడు.

ఫోన్ పెట్టేసి స్టూలు మీద కూలబడ్డాడు. తను కొలిచి, గీకి, ఫొటోలు తీసిన కార్లన్నీ షోరూముల నుంచి వచ్చినవే. షోరూం కుర్రాళ్ళు బ్రష్షుతో పూసిన తారుని ఫ్యాక్టరీ రంగని పుస్తకంలో రాశాడు. ఆ పుస్తకం పట్టుకుని ముప్ఫై మందికి పైగా నల్లరంగు కొట్టించుకున్నారు. కొందరి చేత అసలు రంగు గీకించి మరీ కొట్టించాడు.

షెడ్డులో ఎవరూ లేరు. నల్లరంగు పొద్దున్నే కలిపి గన్నులో పోసి ఉంది. పది నిమిషాల పని. ఆదివారం టీచరమ్మకి నిండుగా మార్కులొస్తాయి, పంతొమ్మిదో పేజీ పంతొమ్మిదో పేజీగా ఉంటుంది.

లేచాడు. గన్ను తీసుకున్నాడు. ఎడమ మూల నుంచి ఒక చార లాగాడు, జానెడు వెడల్పున, మూరెడు పొడవున. చెయ్యి ఎక్కడా వణకలేదు. అదే ఆయనకి తర్వాత చాలాకాలం గుర్తుండిపోయింది.

ఆయనకో పద్ధతి ఉంది. ఏ భాగం మీద చెయ్యి వేసినా నోటుబుక్కులో రెండు గళ్ళు నింపుతాడు. ఒకటి 'ఉన్నది', రెండోది 'చేసింది'. ముందు ఉన్నది రాసి తర్వాతే పనిముట్టు పట్టాలి. ఇవాళ అది రాయలేదని చార లాగాక తట్టింది. గన్ను పక్కన పెట్టి, బుక్కు తెరిచి, 'ఉన్నది' గడిలో పెన్సిలు ఆనించాడు. నలుపు అని రాయాలి. మూడే అక్షరాలు.

రాయలేకపోయాడు. ముప్ఫై రెండేళ్ళలో ఆ గడిలో తప్పులు రాసి ఉంటాడు, నిజమనుకుని రాశాడు. అబద్ధమని తెలిసి ఒక్క అక్షరం రాయలేదు. పెన్సిలు మొన విరిగే దాకా అలాగే ఆనించి ఉంచి, చివరికి "లేత ఆకుపచ్చ, పల్చగా. కింద ఎర్ర ప్రైమరు" అని రాసి బుక్కు మూశాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళితే భార్య కంచం పెట్టింది. ఆయన కలిపిన ముద్ద అలాగే చేతిలో ఉంది.

"మీ తమ్ముడు ఇప్పుడెక్కడుంటున్నాడు?"

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టింది.

"పద్నాలుగేళ్ళకి అడిగారు. ఏం, వాడి ఇల్లు కూడా కొలవాలా?"

"పనుంది."

"నాకూ ఉండేది పని. పండక్కీ పబ్బానికీ తోడబుట్టినవాణ్ణి దొంగచాటుగా బస్టాండులో చూసి రావడం. వాడు ఒక్కనాడు మిమ్మల్ని ఒక్క మాటన్నాడా? 'బావ బాగున్నాడా అక్కా' అనే మొదలుపెడతాడు." గిన్నె మీద మూత పెట్టింది. "కళ్ళు పోయాయి వాడికి. షుగరు కళ్ళ మీదికొచ్చింది. వెలుతురూ నీడా తెలుస్తాయంతే. మీకు చెప్పలేదు. చెప్పి ఏం లాభం?"

ఆయన ముద్ద కంచంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

"నేనూ వస్తాను," అంది ఆవిడ, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

బానెట్‌ని దుప్పట్లో చుట్టి ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్ళారు. రెండు గదుల ఇల్లు, ముందు వసారా. బావమరిది వసారాలో నులకమంచం మీద కూర్చుని రేడియో వింటున్నాడు. వాడి భార్య తలుపు తీసి, వచ్చినదెవరో చూసి, ఒక్క క్షణం గడప దగ్గరే నిలబడిపోయింది.

"రండి అన్నయ్యగారూ," అంది చివరికి. పిలిచినట్టూ లేదు, వద్దన్నట్టూ లేదు.

"ఎవరే?" అన్నాడు వాడు.

"మీ అక్క. మీ బావ."

వాడు రేడియో కట్టేశాడు. "ఏం బావా, దారి తప్పావా?"

"దారి అప్పుడు తప్పాన్రా. ఇది చూడు," అన్నాడు మిల్లీమీటరు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"ఇలా దగ్గర పెట్టు. చూస్తాను," అన్నాడు వాడు మామూలుగా.

బానెట్‌ని మంచం మీద పరిచారు. వాడు రెండు చేతులూ ఒంటికి రుద్దుకుని, వేళ్ళు ఆ రేకు మీద ఆనించి మెల్లగా జరిపాడు. మడతల దగ్గర ఆగాడు, సందుల్లోకి చిటికెన వేలు పోనిచ్చాడు.

"గరుకుగా ఉంది. పల్చటి కోటు. గన్నుతో దూరం నుంచి కొట్టింది. బ్రష్షు లేదు." తల తిప్పి, "ఏం రంగే?" అని భార్యని అడిగాడు.

"లేత ఆకుపచ్చండీ. దాని కింద ఎర్రగా కనపడుతోంది."

మిల్లీమీటరు టీచరమ్మ చెప్పిందంతా చెప్పాడు, రైలు, గేటు, తారు వాసన, అన్నీ. వాడు వింటూనే వేళ్ళు జరుపుతున్నాడు. ఎడమ మూలకొచ్చేసరికి వేళ్ళు ఆగాయి. వెనక్కి వచ్చి మళ్ళీ ఆగాయి.

"ఇక్కడ నున్నగా ఉందేం?"

వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"కొత్త రంగు ఇది. ఇంకా వాసనొస్తోంది. నలుపేనా?"

"నలుపే," అన్నాడు మిల్లీమీటరు. "పొద్దున కొట్టాను."

"తెలియక ముందా, తెలిశాకా?"

"తెలిశాక."

అక్క మొహం పక్కకి తిప్పుకుంది. ఆ సంగతి ఆవిడకీ అప్పుడే తెలిసింది.

వాడు చాలాసేపు ఆ చార అంచు మీదే వేలు పెట్టి ఉంచాడు.

"మరెందుకు ఆపావు?"

"బుక్కులో రాయలేకపోయాను."

వాడు నవ్వబోయి మానేశాడు. "నా మీద మాత్రం ఎంత తేలిగ్గా అనేశావు బావా. ఆ ముక్క ఒక్కసారి చేత్తో పట్టుకుని ఉంటే సరిపోయేది. అప్పుడు నాకు కళ్ళున్నాయి. ఆ కళ్ళతో పద్నాలుగేళ్ళు ట్యాంకులకి రంగులేశాను."

మిల్లీమీటరుకి క్షమించమనే మాట నోటి దాకా వచ్చింది కానీ, అంత పెద్ద నష్టం ముందు అది మరీ చిల్లరగా అనిపించి మింగేశాడు. "దీన్ని థిన్నరుతో తీసేద్దామా?" అన్నాడు.

"తీస్తే కింద ఉన్న అసలు రంగూ దాంతోటే లేచొస్తుంది. అంత పల్చటిది అది. తీయకు. పైన ఆకుపచ్చ కొట్టి దాచనూ వద్దు." వాడు చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నీ పని నీ పేరు మీదే ఉండనీ."

లేచేటప్పుడు మిల్లీమీటరు, "ఆదివారం పోటీకి రా. నేనొచ్చి తీసుకెళతాను," అన్నాడు.

"నువ్వు తీసుకెళ్ళక్కర్లేదు. రావాలనిపిస్తే బస్సులో వస్తాం."

టీచరమ్మకి ఆ సాయంత్రమే ఉన్నదున్నట్టు చెప్పాడు, చారతో సహా. ఆవిడ బానెట్ వంక కళ్ళద్దాలు సవరించుకుని చూసింది. "మార్కుల సంగతి నాకెందుకండీ, జీవితమంతా మార్కులేగా వేశాను. మా నాన్న తెచ్చిన రోజు ఎలా ఉందో అలా ఉంటే చాలు. ఆ చార మాత్రం మా నాన్నది కాదు," అంది.

"కాదమ్మా. నాది," అన్నాడు.

ఆదివారం మైదానంలో కార్లన్నీ వరసగా నిలబడ్డాయి. టీచరమ్మ కారు బానెట్ ఎత్తగానే జనం మూగారు. "ఇదేమిటి, ఆకుపచ్చ? ఆ నల్లచారేంటి? మిల్లీమీటరు గారి చేతి కింద ఇలాంటి పనా?" అని గొణుక్కున్నారు. క్లబ్బు కార్యదర్శి పుస్తకం తెరిచి, "పంతొమ్మిదో పేజీ ప్రకారం ఐదు పోతాయి కదండీ?" అన్నాడు.

మిల్లీమీటరు ఆ పుస్తకం అందుకున్నాడు. పంతొమ్మిదో పేజీ అందరికీ కనపడేలా పెట్టి, నల్లరంగు మాట మీద పెన్సిలుతో గీత కొట్టాడు.

"ఇది తప్పు. తప్పు నాది. ఫ్యాక్టరీ రంగు ఇదిగో, ఈ ఆకుపచ్చ. మీ చేత నేను నల్లరంగు కొట్టించిన కార్లన్నీ తప్పే. కొన్నింటి అసలు రంగు గీకించేశాను, అది మళ్ళీ రాదు." పుస్తకం మూశాడు. "పద్నాలుగేళ్ళ కింద మా బావమరిది ఇదే చెప్పాడు. రుజువు కూడా తెచ్చాడు. అది వాడే తయారుచేశాడని ఇదే మైదానంలో అన్నాను. అబద్ధం వాడు చెప్పలేదు. నేను చెప్పాను."

వెనక వరసలో ఒకాయన, "మరి నా బానెట్ సంగతేంటి?" అని ఉక్రోషంగా అడిగాడు.

మిల్లీమీటరు మార్కుల కాగితం తీసి, బానెట్ అడుగు అన్న గడిలో నిండుగా ఐదూ వేశాడు. పక్కనే "నల్లచార, మూరెడు. తెలిసి చేసిన తప్పు. ఒక మార్కు కోత" అని రాసి, కింద సంతకం చేశాడు. తీర్పరిగా తన చేతి పనికి తాను కోసిన మొదటి మార్కు అది.

అప్పుడు జనం పక్కకి జరిగారు. బావమరిది భార్య చెయ్యి పట్టుకుని, తల కొంచెం పైకెత్తి, నేల తడుముకుంటూ వచ్చాడు. ఎప్పటి నుంచి అక్కడున్నాడో, ఎంత విన్నాడో ఎవరికీ తెలియదు. కారు ముందు ఆగి చెయ్యి చాచాడు. మిల్లీమీటరు ఆ చేతిని అందుకుని బానెట్ అడుగుకి ఆనించబోయాడు.

"అక్కర్లేదు, తెలుసు," అన్నాడు వాడు మెల్లగా. చెయ్యి విడిపించుకుని, తనంతట తనే తడుముకుంటూ చార దాకా వెళ్ళాడు. దాన్ని తీయకుండా, కప్పకుండా అలాగే ఉంచారని తేల్చుకున్నాడు.

వేలికి అంటిన జిడ్డు ఒకటి రెండుసార్లు బొటనవేలితో నలిపి, "గుడ్డ ఉందా బావా?" అన్నాడు.

మిల్లీమీటరు భుజం మీది గుడ్డ తీసి ఇచ్చాడు.