గుట్టెక్కి పిలిచిన పేరు

యాదగిరి నోట్లెకెల్లి మాట రావాల్నంటె పెద్ద పని. స్టేషన్ ఘన్‌పూర్‌ల ఇనుప సామాన్ల దుకాణం ఆయనది. గిరాకి మేకులడిగితె మేకులిస్తడు, గొళ్లెం అడిగితె గొళ్లెం ఇస్తడు, మాట మాత్రం ఇయ్యడు. పిల్లల పెండ్లిళ్లు గూడ అయిపోయినై గని, భార్యను ఒక్కనాడు పేరు పెట్టి పిలిచినోడు కాదు. తన పెండ్లప్పుడు అక్కచెల్లెండ్లు గడపకు అడ్డం నిలవడి, పెండ్లాం పేరు చెప్తెనే లోపలికి రానిస్తమన్నరు. దగ్గొచ్చినట్టు దగ్గి, వాళ్ల చేతుల కిందికెల్లి దూరిండు. అప్పటిసంది వనమాల పేరు 'ఇగో' అయింది.

తెలంగాణ కొట్లాట జోరు మీదున్న ఎండకాలం అది. బంద్ అంటె దుకాణం షటర్ దించుడే. ఆ పొద్దు గూడ బంద్. ముందురోజే మొగుడు పెండ్లాలు జఫర్‌గఢ్‌ల వనమాల చెల్లెలు శారద ఇంటికి వచ్చిండ్రు. పొద్దున చాయ్ తాగుకుంట శారద అన్నది:

"ఇంట్ల కూసొని ఏం జేస్తం బావా, ఊరెనుక గుట్టెక్కుదం పా. రెండు కొనలున్నై, ఏ కొనెక్కినా లోకమంత కనవడ్తది."

"ఎండ," అన్నడు యాదగిరి.

"బావ మాట్లాడిండు! ఇగ ఎండేడిది, వానే పడ్తది," అన్నది శారద. ఆమె మొగుడు రవీందర్ చాయ్ గిలాస అడ్డం పెట్టుకొని నవ్విండు.

నలుగురు బయలెల్లిండ్రు. తొవ్వ పొంటి తునికి చెట్లు, పండ్లు పచ్చగ మాగి రాలుతున్నై. అక్కచెల్లెండ్లు ఏరుకుంట కొంగుల పోసుకుంట ఆగిండ్రు. యాదగిరి ఆగలే. ఎక్కడికి పోయినా ఆయన నడక ముందే, ఎనుకకు మర్లి చూసుడు లేదు. నీళ్ల సీసా చేతిల పట్టుకొని నేరుగ పెద్దకొన ఎక్కిండు.

పైన బండ మీద నిలవడి చూస్తె కడుపు నిండినట్టయింది. కింద ఎండిన చెరువు, కోసిన పొలాలు, దూరంగ దారం లెక్క రైలు పట్టాలు. చూపెడ్దమని ఎనుకకు తిరిగి "ఇగో" అన్నడు. శారద, రవీందర్ ఆయాసపడుకుంట వస్తున్నరు.

"అక్కేది బావా? నీ ఎనుకనే వస్తనని మాకన్న ముందు పోయింది గద!"

యాదగిరి ఎక్కొచ్చిన తొవ్వ దిక్కు చూసిండు. నడినెత్తిన సూర్యుడు. నీళ్లేమో తన చేతిలనే ఉన్నై. వనమాలకు బీపీ, పొద్దున గోలి ఏసుకున్నదో లేదో. ఫోన్ కొడ్తె ఆమె సెల్లు శారద సంచిల మోగింది.

"ఇగో! ఓ ఇగో!" అని కేకేసిండు.

కింద మేకల కాసెటామె తలెత్తి "ఏందయ్యా?" అన్నది. కట్టెల మోపు దించుకుంటున్న ఇద్దరు ఆడోళ్లు గూడ ఇటే చూసిండ్రు. ఆ తట్టు సగం మంది ఆడోళ్లను వాళ్ల మొగండ్లు పిలిచేది గట్లనే మరి.

"నువ్వు పిలువు," అన్నడు శారదతోని.

"అక్కా!" అని అరిచింది శారద. ఎదురుంగ చిన్నకొన మీదికెల్లి "ఆ!" "ఏంది చెల్లె?" అని ఎంతోమంది పలికిండ్రు. బంద్ గదా, ఊరోళ్లు ఆ కొన మీద జెండా పాతి వంటావార్పు పెట్టుకున్నరు. ఆడోళ్లంత ఎవలకో ఒకలకు అక్కలే. రవీందర్ "వదినా!" అన్నడు. గదీ అంతే.

యాదగిరికి ఒక ఉపాయం తట్టింది. నినాదమిస్తె వనమాల ఎక్కడున్నా పలుకుతది. ఊపిరి పీల్చుకొని "జై తెలంగాణ!" అన్నడు.

గుట్ట గుట్టంత "జై తెలంగాణ!" అన్నది.

"ఏరుకో బావా," అన్నది శారద, "గన్నిట్ల మా అక్క గొంతేదో." మళ్ల నవ్వు ఆపుకొని, "పెద్దోళ్లను మేము పేరుతోని పిలువరాదు. ఆమెకన్న పెద్దోనివి నువ్వొక్కనివే. పేరు పెట్టి పిలువు," అన్నది. గొంతుల ఆమెకు గూడ భయమున్నది.

యాదగిరి బండ అంచుకు పోయిండు. నాలికకు మేకు కొట్టినట్టున్నది. నీళ్ల సీసా దిక్కు చూసిండు. మూత గూడ తియ్యలే ఇంక. కండ్లు మూసుకున్నడు.

"వనమాలా!"

 చిన్నకొన మీద పోరగాండ్లు అలవాటు కొద్ది చేతులు లేపి, "జై వనమాలా!" అన్నరు. "ఎవలన్నా గామె, కొత్త లీడరా?" అని ఒకడు అడుగుడు గూడ వినవడ్డది.

పొయ్యి పక్కన, గొడుగు నీడల పప్పు గంటె పట్టుకొని ఒకామె లేచి నిలవడ్డది. మొఖం కొంగుల దాచుకున్నది గని, భుజాలు నవ్వుకు ఊగుతున్నై.

యాదగిరి ఆ కొన ఎట్ల దిగిండో ఈ కొన ఎట్ల ఎక్కిండో ఆయనకే తెల్వది. వచ్చి సీసా ముందర పెట్టిండు.

"నువ్వు ఇటెక్కినవనుకొని ఇటొచ్చిన," అన్నది వనమాల. "ఎనుకకు చూసేటోనివి కాకపోతివి. నేను తాగిన గని, నువ్వు తాగు."

ఆయన గటగట సీసా ఖాళీ చేసిండు.

"ఇగో అంటె పలుకకపోతివి?"

"నన్ననుకోలే. ఇక్కడ శానమంది ఇగోలున్నరు."

అక్కడనే పప్పన్నం తిన్నరు. ఎండ తిరిగినంక దిగుతుంటె ఈసారి వనమాల ముందు, యాదగిరి ఎనుక. శారద, రవీందర్ ఇంక మీదనే ముచ్చట్లు పెట్టిండ్రు.

"జారుతది, పైలం," అన్నడు యాదగిరి.

"ఎవలకు చెప్తున్నవ్?"

ఆయన ముందు చూసిండు, ఎనుక చూసిండు. ఎవలు లేరు.

"వనమాలా, పైలం," అన్నడు మెల్లగ.

"గాలికి వినవడలే," అన్నది వనమాల.

తునికాకు గూడ కదుల్తలేదు. యాదగిరి మళ్లొకసారి అన్నడు.