దేవానందం సారు పిడికిలి

ఆదివారం పొద్దున చర్చి గంట కంటే ముందే లాలాగూడలోని ఆ గల్లీలో సైకిల్ బెల్లులు మోగుతాయి. పాల ప్యాకెట్లకు సైకిలే, ఇడ్లీ పిండికి సైకిలే, నాలుగిళ్ల అవతలున్న దోస్తును పిలవడానికి సుత సైకిలే. ఇంటింటికీ స్కూటీలున్నాయి, కొందరికి కార్లూ ఉన్నాయి. అయినా నడక వచ్చాక పిల్లకు రావలసింది సైకిలేనని అక్కడివాళ్ల గట్టి నమ్మకం. మాటలు కాస్త ఆలస్యమైతే ఎవరూ పరేషాన్ కారు, సైకిల్ ఆలస్యమైతే మాత్రం అత్తగారింటి నుంచి కూడా ఫోన్లొస్తాయి.

నేర్పేది ఒక్కరే, దేవానందం సారు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు క్యారియర్ పట్టుకుని పిల్లల వెనక పరుగెత్తేవాడు. మోకాళ్లు మొరాయించాక వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు గాని, చెయ్యి మాత్రం పని మానలేదు. గల్లీలో ఏ పిల్ల కొత్తగా సైకిలెక్కినా సారు కూర్చున్నచోటే కుడి పిడికిలి బిగిస్తాడు. అక్కడ సైకిల్ వెనక ఆ పట్టు ఉంటుంది. అక్కడ హ్యాండిల్ వంకర పోతే ఇక్కడ ఆయన మణికట్టు తిరుగుతుంది. అందుకే చాయ్ ఎడమచేత్తో తాగుతాడు, సగం చొక్కా మీద పోసుకుంటాడు. ఆ మరకలు చూసి భార్య రోసమ్మ ఎవరి పిల్ల ఎంతవరకు నేర్చుకుందో చెప్పేస్తుంది.

"పట్టుకున్న, పట్టుకున్న! తొక్కు!" అని సారు అరుస్తుంటాడు. అరుస్తూనే మెల్లగా పిడికిలి విప్పేస్తాడు. పిల్ల గల్లీ చివరిదాకా పోయి వెనక్కి చూస్తే, సారు తెరిచిన అరచెయ్యి ఊపుతుంటాడు. అబ్బ, అప్పుడు చూడాలి ఆ పిల్ల ముఖం! తల్లి పరుగున వచ్చి నోట్లో చక్కెర పోస్తుంది.

అందరికీ నేర్పిన మనిషి, కన్నకూతురు హదస్సా దగ్గర మాత్రం తేలిపోయాడు. ఆమెకు తొక్కడం రాక కాదు, గల్లీ మూల దాకా హాయిగా తొక్కుతుంది. మూల దగ్గరికి రాగానే వెనక బియ్యం బస్తా కట్టినట్టు సైకిల్ ఆగిపోతుంది. మూడో తరగతిలో అదే మూలన పడి ముందరి పన్ను సగం విరగ్గొట్టుకుంది. ఆనాడు పట్టుకున్నానని చెప్పి వదిలింది సారే. అప్పటినుంచి కూతురు సైకిలెక్కితే ఆయన మాట తిరగబడింది. "ఇడ్సిన బిడ్డా, పో!" అంటాడు. పిడికిలి తువ్వాల కింద దాచుకుంటాడు. అది గల్లీ అంతటికీ తెలుసు, హదస్సాకూ తెలుసు. ఆయనతో వాదించే ఓపిక లేక బస్సెక్కి పోయేది.

మెట్టుగూడలో ఒక చిన్న బడిలో ఆమె టీచరు. ఏండ్లు గడిచినా టెంపరరీ టీచరే. ఈ ఏడు హెడ్మిస్ట్రెస్ శారద మేడం ఒక కొత్త ముచ్చట తెచ్చింది. లాలాగూడ పిల్లలు ఇక ఆటోల్లో కుక్కుకుని రావొద్దు. వచ్చే సోమవారం నుంచి ముందు ఒక టీచరు, వెనక పిల్లలు, అందరూ వరసగా సైకిళ్ల మీద రావాలి. ముందుండి తెచ్చే టీచరును పర్మినెంట్ చేస్తానని మేడం అనీ అనకముందే హదస్సా చెయ్యి లేచింది. ఇంటికొచ్చి చెబితే రోసమ్మ నెత్తి కొట్టుకుంది.

"గల్లీ మూల దాటనిదానివి, మెట్టుగూడ దాక పోతవా?"

"పోత మమ్మీ. సోమవారం నేను పోకుంటే పోస్టు ఇంకొకరికి పోతది. ఇగ జన్మల రాదు."

దేవానందం సారు పేపరు దించకుండానే అన్నాడు. "నాదేముంది? నేనెప్పుడో ఇడ్సిన."

సోమవారం పొద్దున గల్లీలో జాతరే! మూల దగ్గర పిల్లలు సైకిళ్లతో వరస కట్టారు. శారద మేడం స్కూటీ ఆపి నిలబడింది. ఎదురింటి లచ్చమ్మ చీపురు పట్టుకునే బయటికొచ్చింది. హదస్సా చున్నీ నడుముకు చుట్టి, తండ్రి పాత నల్ల సైకిలెక్కి దూసుకొచ్చింది. సరిగ్గా మూల దగ్గర ఠక్కున ఆగింది. పిల్లలు "ఓఓ" అన్నారు. ఆమె దిగలేదు. పెడల్ మీద లేచి నిలబడి, పళ్లు బిగబట్టి తొక్కుతూనే ఉంది. చైను కిర్రుమంటోంది. చక్రం కదలదే!

"మేడం, టైమైతుంది" అన్నారెవరో. శారద మేడం గడియారం చూసుకుంది.

"డాడీ! ఇడ్సిపెట్టు!" అని హదస్సా గొంతు చించుకుంది.

"ఎప్పుడో ఇడ్సిన బిడ్డా!" వరండాలోంచి జవాబు.

రోసమ్మ తువ్వాల లాగి పడేసింది. కింద పిడికిలి బిగుసుకుని తెల్లబడి ఉంది.

"ఏందండీ ఇది? ఊరి పిల్లలకు పట్టుకున్న అని జెప్పి ఇడుస్తరు. మన పిల్లకు ఇడ్సిన అని జెప్పి పట్టుకుంటరు."

"దాని పన్ను ఇరిగింది రోసీ..."

"ఇరిగింది పన్నే గద. పిల్ల ఇరగలే. సూడుండ్రి ఎట్ల గుంజుతుందో."

సారు చూడనక్కరలేదు, అరచేతిలోనే తెలుస్తోంది. మూడో తరగతి పిల్ల బెదురు కాదది. అంత బలం తన బిడ్డకు ఎప్పుడొచ్చిందో ఆయన కనిపెట్టనే లేదు.

"పడితే?" అన్నాడు చిన్నగా.

"లేస్తది."

సారు కళ్లు మూసుకుని, పెదాల మీద ప్రార్థనతో పిడికిలి విప్పాడు.

మూల దగ్గర సైకిల్ ఒక్క ఉదుటున ఎగిరింది! హ్యాండిల్ ఊగినా హదస్సా నిలదొక్కుకుని, "రండి!" అని కేకేసింది. వెనక పిల్లలంతా బెల్లులు కొడుతూ, ఈలలు వేస్తూ కదిలారు. లచ్చమ్మ చీపురు గాల్లో తిప్పింది. రైలు బ్రిడ్జి ఎక్కుడు మీద ఆయాసపడుతూ, దిగుడు మీద పగలబడి నవ్వుతూ, విరిగిన పన్ను ఊరందరికీ చూపించుకుంటూ హదస్సా బడి గేటులోకి పోయింది. శారద మేడం స్కూటీ వరస చివర వచ్చింది. "రేపు సుత నువ్వే, ఎల్లుండి సుత నువ్వే" అంది మేడం.

సారు పిడికిలి మళ్లీ బిగియలేదు. ఆ మధ్యాహ్నం ఆయన కుడిచేత్తో పప్పన్నం కలుపుకుని నెమ్మదిగా తిన్నాడు. చొక్కాలు తెల్లగా ఉండసాగాయి. గల్లీలో పిల్లలు మాత్రం పడడం షురూ చేశారు. మనవరాలు కల్పలత మోకాలు చెక్కుకుపోతే లచ్చమ్మ కొట్లాటకే వచ్చింది.

"గిదేందీ సారూ, గిట్ల ఇడ్సిపెడ్తవా?"

"నా తాన ఇగ ఏం లేదు లచ్చమ్మా. టీచరమ్మనడుగు."

ఆదివారం హదస్సా కల్పలత సీటు పట్టుకుని గల్లీ ఈ చివర నుంచి పరుగెత్తింది. తమ వరండా దగ్గరికి రాగానే ఆగిపోయింది. సైకిల్ మాత్రం ఊగుతూ, ఊగుతూ ముందుకు పోతోంది.

"టీచర్, పట్టుకున్నరా?" వెనక్కి చూడకుండా అరిచింది కల్పలత.

"పట్టుకున్న, పట్టుకున్న! తొక్కు!" అంటూ హదస్సా, తండ్రి అందిస్తున్న చాయ్ గ్లాసును రెండు చేతులతో తీసుకుంది.