వీరవేణి పలికిన పేరు

నేను ఒక బొగ్గుల ఇస్త్రీపెట్టెను. ఇత్తడి దాన్ని. బరువు ఆరు కిలోలు, కోపం అంతకంటే కాస్త ఎక్కువ. పాత బిందెలూ వంగిన దీపపు కుందులూ కరిగించి నన్ను పోతపోశారు. అందుకే కాబోలు, నాకు ఇళ్ళ సంగతులంటే మహా ఆసక్తి. బట్టలు చూస్తే చాలు, ఎవరింట్లో పోట్లాట అయిందో, ఎవరు కొత్తగా లావయ్యారో చెప్పేస్తాను. అడిగేవాళ్ళే లేరు.

నన్ను కొన్నది సూరిబాబు. కాకినాడలో బస్ కాంప్లెక్సు వెనక వీధిలో అతని తోపుడుబండి ఉండేది. కొబ్బరిచిప్పల బొగ్గు రాజేసి, నా పొట్ట నింపి, పాటలు పాడుకుంటూ ఇస్త్రీ చేసేవాడు. భార్య వీరవేణి ఇల్లిల్లూ తిరిగి మూటలు తెచ్చేది. ఏడేళ్ళు బాగానే గడిచాయి. తర్వాత అతను పాటలు మానేశాడు, ఆ తర్వాత నిద్ర మానేశాడు. నన్ను చేత పట్టుకుని, నేను చల్లారేదాకా అలాగే నిలబడిపోయేవాడు. బొగ్గులు దండగవుతున్నాయని వీరవేణి ఒకరోజు గట్టిగా కసిరింది. మర్నాడు సూరిబాబు తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఎందుకో నాకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడినవాళ్ళకీ తెలియదు.

"జ్వరమొచ్చి పోయాడని చెప్పవే" అన్నారు బంధువులు. అడిగిన ప్రతివాళ్ళకీ "జ్వరమండి" అని చెబుతూనే వీరవేణి నన్ను చేతబట్టింది. మొదట్లో నా బరువుకు ఆమె మణికట్టు వాచేది. బరువు తగ్గడం నా చేతిలో లేదు మరి. ఏడాది తిరిగేసరికి ఆమె మడత వీధికంతా నచ్చింది.

అప్పుడు వచ్చాడు దొరబాబు. బస్సు కండక్టరు. నలభై దాటినా పెళ్ళి కాలేదు. ఒకసారి అతని ఖాకీ చొక్కా మీద దిగగానే నాకు సంగతి అర్థమైంది. అది ముందురోజు నేను చేసిన చొక్కాయే. తొడుక్కోకుండా చేత్తో నలిపి తెచ్చాడు. చెమట వాసన కూడా లేదు. వీరవేణికీ తెలిసింది, కానీ ఏమీ అనకుండా మళ్ళీ చేసిచ్చింది. వారానికి రెండుసార్లు ఈ నాటకం నడిచింది. బొగ్గులు బోలెడు దండగయ్యాయి, ఈసారి మాత్రం ఎవరూ కసరలేదు.

చివరికి ఒక సాయంత్రం అతను, "మీకిష్టమైతే మనం పెళ్ళి చేసుకుందామండి" అన్నాడు, వెనక సీటు ఖాళీగా ఉందని చెప్పినంత మామూలుగా.

ఆమెకు ఇష్టమే. పిడి పట్టుకున్న చెయ్యి నా దగ్గర ఏదీ దాచలేదు. కానీ అబద్ధం మీద కాపురం పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. నిజం చెబితే అతనూ తన వైపే వేలెత్తి చూపిస్తాడేమోనని భయం. నాలుగు రోజులు ముభావంగా ఉంది. ఐదో రోజు అతని చొక్కా మీద నన్ను నడుపుతూనే చెప్పేసింది.

"మా ఇంటాయనది జ్వరం కాదండి. ఆయనే ప్రాణం తీసుకున్నారు. ముందురోజు నేను కసిరేనండి."

దొరబాబు భుజాన ఉన్న టికెట్ల సంచి తీసి బండి మీద పెట్టాడు. తర్వాత, "ఆయన పేరేంటండి?" అన్నాడు.

ఆయన పోయాక ఆ మాట అడిగినవాళ్ళు లేరు. పైగా మొగుడి పేరు పలకకూడదని పెరిగిన మనిషి. బతికున్నన్నాళ్ళూ "ఇదిగో" అనే పిలిచింది. జనాభా లెక్కలవాళ్ళు వస్తే పక్కింటావిడ చేత చెప్పించింది. ఇప్పుడు పెదవులు కదిపింది, ఆగింది, మళ్ళీ కదిపింది.

"సూరిబాబండి."

ఆ పేరు బయటికొచ్చేసరికి నేను చొక్కా వీపు మీదే ఆగిపోయి ఉన్నాను. పొగ లేచింది.

"అయ్యో, మాడిపోయిందండి."

"పోనీండి. సూరిబాబు గారు ఎలాంటివారో చెప్పండి."

ఆమె చెప్పింది. బాగా పాడేవాడనీ, వంకాయ ముట్టేవాడు కాదనీ, నవ్వితే వీధి చివరికి వినబడేదనీ. ఏడ్చింది, మధ్యలో నవ్వింది కూడా. నాకూ దుఃఖం ఆగలేదు. ఇత్తడికి ఏడుపు రాదని ఎవరన్నారో గాని, వాళ్ళు నన్ను చూడలేదు.

పెళ్ళి రిజిస్ట్రారాఫీసులో అయింది. బండి పోయి చిన్న కొట్టు వచ్చింది. కొట్లో ఇప్పుడు సూరిబాబు పేరు మామూలుగా వినబడుతుంది, ఎక్కువసార్లు దొరబాబు నోటివెంటే.

మొన్న వేసవిలో సుభద్ర అనే ఆవిడ మూట దించుతూ, "మా తమ్ముడు వారం రోజులై నిద్దరోటం లేదండి, ఎవరితోనూ మాట్టాడ్డం లేదు" అంది మాటవరసకి. వీరవేణి నన్ను పక్కన పెట్టేసింది.

"మా సూరిబాబు ఇలాగే ఉండేవోడండి. నాకు తెలీక వదిలేశాను, ప్రాణం తీసుకున్నాడు. పదండి, మీ తమ్ముణ్ణి ఇప్పుడే డాక్టరుకి చూపిద్దాం" అంది. గొంతు తగ్గించలేదు. వీధిలో పోయేవాళ్ళు కూడా విన్నారు.

మిగిలిన బట్టలు ఆ రోజు సెలవులో ఉన్న దొరబాబు చేశాడు. ఆ మనిషికి నన్ను నడపడం చేతకాదు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

రెండు నెలల తర్వాత ఆ తమ్ముడు తనే కొట్టుకు వచ్చాడు. మందులు వాడుతున్నాడట, మర్నాడు మళ్ళీ పనిలో చేరాలట. సంచిలోంచి, ఆ రోజు దొరబాబు చేసిన చొక్కా తీసి మొహం చిట్లించాడు.

"ఏంటండీ ఇది, చొక్కా చేతికి ఒకటికి రెండు ఇస్త్రీ గీతలు పడ్డాయి. ఇది తొడుక్కుని నలుగురిలోకి ఎలా వెళ్ళనండి?"

వీరవేణి ఆ చొక్కాను రెండు చేతులతో అందుకుంది. కళ్ళు చెంగుతో తుడుచుకుంది.

"కూర్చోండి బాబూ, ఇప్పుడే సరిచేసిస్తాను" అంది. నేను అప్పటికే బాగా కాగి ఉన్నాను.