బరకం ముడులు

తుఫాను బందరు వైపు వస్తోందని రేడియోలో చెప్పేసరికి వెంకటప్పయ్య మిరపకాయలు ఇంకా కల్లంలోనే ఉన్నాయి. తొంభయ్యో సంవత్సరం మే నెల. సముద్రపు గాలి మా చర్ల అడవి దాకా ఏమొస్తుందిలే అనుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. గాలి రాకపోవచ్చు, వాన వస్తుంది. వాన వస్తే చీకటివాగు వస్తుంది. వాగు వస్తే భద్రాచలం రోడ్డు తెగిపోయి మేం ఇవతలే మిగిలిపోతాం.

వెంకటప్పయ్య కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొని మిర్చి వేస్తున్న పెద్ద ఆసామి. ఆయన ట్రాక్టరు ఇంజను విప్పేసి భద్రాచలం షెడ్డులో ఉంది. తెల్లవారుతూనే కూలీలను పరిగెత్తించి, కాయను గోనెల్లోకి తొక్కించి, మూతులు కుట్టించాడు. కానీ బండి దొరకలేదు. ఉన్న నాలుగు ట్రాక్టర్లవాళ్లూ మెరక చూసుకుని బండ్లు పెట్టేశారు. ఆఖరికి నేను ట్రాక్టరు తోలే ఓనరు హరిలాల్ ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"తుఫాన్ల బండి పంపితే నా బండి నాకు దక్కదు సేటూ. ఇంకెవరినన్న చూస్కో" అన్నాడు హరిలాల్.

నేను అరుగు మీద బీడీ కాలుస్తున్నాను. "నేను పోత" అన్నాను.

హరిలాల్ నా వైపు తిరిగాడు. "ఏంది ఎల్లస్వామీ, పిచ్చి లేచిందా? మొన్న చినుకు పడితేనే బండి తియ్యనంటివి గద!"

"చీకటివాగు నాకు కొత్తనా? పొద్దుగూకక ముందే దాటిస్త."

వెంకటప్పయ్య ముఖం వెలిగింది. "అదీ మగాడంటే. నీదే వూరబ్బాయ్?"

"ఇల్లెందు దిక్కు."

"బొగ్గుబాయి మనిషివా? అనుకున్నా. మీవాళ్లకి చావంటే లెక్కుండదు" అని నవ్వాడు.

నన్ను గుర్తుపట్టలేదు. రెండు సీజన్లు ఆయన కల్లంలో తెల్లబారిన తాలుకాయ ఏరాను. ఆయన చెప్పులు తెచ్చిచ్చాను. నా పెళ్లాం నాంచారమ్మ ఆయన ఇంటికి నీళ్లు మోసింది. అయినా నా ముఖం ఆయనకు కొత్తే.

డెబ్బై తొమ్మిదిలో కూడా ఇలాగే మే నెల, ఇలాగే తుఫాను. నాంచారమ్మకు నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని చేతులెత్తేసి దవాఖానాకు తీసుకుపొమ్మంది. నేనూ ఇంకో ముగ్గురూ మంచం మీద మోసుకుని చీకటివాగు దాకా వచ్చాం. వాగు పొంగుతోంది, మనిషి నడిచి దాటలేడు. అక్కడ వెంకటప్పయ్య ట్రాక్టరు ఆగి ఉంది. వెనక ట్రక్కు నిండా మిర్చి బస్తాలు, మీద వాన పడకుండా కప్పిన బరకం పట్టా, చుట్టూ తాళ్లు. బస్తాల మీద గొడుగేసుకుని ఆయన కూర్చున్నాడు.

నేను ఆయన కాళ్ల దగ్గర చేతులు జోడించాను. ఆయన మంచం వైపు చూశాడు. చూడలేదని చెప్పను, చూశాడు.

"మనిషిని పడుకోబెట్టాలంటే బరకం తియ్యాలి. బరకం తీస్తే సరుకు పోద్ది. ఇది దించి మళ్లీ ట్రిప్పు వస్తాంలే, ఆగండి."

ట్రాక్టరు దాటిపోయింది. మళ్లీ ట్రిప్పు రాలేదు. వాగు చప్టా అంచు గుర్తురాళ్లు మునిగేదాకా పెరిగింది. నాంచారమ్మ మధ్యాహ్నం దాకా అరిచింది, తర్వాత అరవలేదు. బిడ్డ లోపలే పోయింది. ఇద్దరినీ ఒకే గుంటలో పెట్టాను.

ఆ తర్వాత నేను కల్లం పని మానేసి ట్రాక్టరు నేర్చుకున్నాను. నేను అయిదో తరగతితో బడి మానినవాణ్ని. కోర్టు, కాగితం నాకు చేతకావు. ఎప్పటికైనా ఆ వాగు దగ్గర స్టీరింగు నా చేతిలో ఉండాలి, బస్తాల మీద ఆయన ఉండాలి. ఇన్నేళ్లూ నేను అడిగింది అంతే.

బండి తయారు చేసుకున్నాను. వాగులో దిగే ముందు ఫ్యాను బెల్టు తీసెయ్యాలి, లేకపోతే ఫ్యాను నీళ్లను ఇంజను మీదికి చిమ్మి బండి ఆగిపోతుంది. పానా జేబులో వేసుకున్నాను. డీజిలు నింపాను. తర్వాత ఎవరూ చూడకుండా వెనక్కి వెళ్లి వంగాను.

ట్రాక్టరుకూ ట్రక్కుకూ నడుమ ఉండేది ఒక్కటే ఇనుప పిన్ను. జానెడుంటుంది. కింద చిన్న క్లిప్పు తగిలిస్తే పైకి లేవదు. ఆ క్లిప్పు తీసి జేబులో వేసుకున్నాను. పిన్నుకు గ్రీజు దట్టంగా రాశాను. దాని తలకున్న రింగుకు బైండింగు తీగ కట్టి నా సీటు కిందికి లాక్కున్నాను. నడి వాగులో క్లచ్చి నొక్కితే జాయింటు వదులవుతుంది. అప్పుడు తీగ లాగితే చాలు. ట్రాక్టరు ఇటు వస్తుంది, ట్రక్కు అటు పోతుంది. హరిలాల్ ట్రక్కు కూడా పోతుంది, నిజమే. దానికి ఆయన దగ్గర బతికినన్నాళ్లూ ఊరికే చాకిరీ చేద్దామనుకున్నాను.

మధ్యాహ్నానికి బయలుదేరాం. వెంకటప్పయ్య బరకం తాళ్లు తనే దగ్గరుండి బిగించాడు. ఎవరు కట్టినా ఆయనకు నచ్చదు. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి వేసి, బస్తాల మీదికి ఎక్కి గొడుగు తెరిచాడు.

"అబ్బాయ్, గుంటల్లో నెమ్మది. గోనె పగిల్తే కాయ నలుగుద్ది."

"అవ్" అన్నాను.

దారంతా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. పోయినేడు రేటు ఎట్లా పడింది, ఈ ఏడు ఎట్లా లేచింది, చుక్క పడితే కాయ తెల్లగా పోయి బూజెట్లా పడుతుంది. నేను వింటున్నాను. టేకు చెట్లు గాలికి ఊగుతున్నాయి. ఎదురుగా ఒక్క బండీ రాలేదు. కొంచెం దూరం పోయేసరికి వాన అందుకుంది. ఆయన మాట్లాడేకొద్దీ నాకు మనసులో చల్లగా ఉంది. మాట్లాడుకో అయ్యా, ఇంకాసేపే గదా అనుకున్నాను.

వాగు దగ్గర బండి ఆపాను. ఎర్రనీళ్లు చప్టా మీద మోకాలెత్తున పారుతున్నాయి. రెండు పక్కలా గుర్తురాళ్ల తలలు కనిపిస్తున్నాయి. అవి కనిపించినంతసేపూ దాటొచ్చు. నీటి అంచున ఒక పుల్ల గుచ్చాను, వాగు పెరుగుతోందా తగ్గుతోందా తెలియటానికి. ఇంజను ఆపి, పానాతో బెల్టు తీసి, మళ్లీ స్టార్టు చేసి, బ్రేకు పట్టీ వేశాను. పుల్ల మొదట్లోకి అప్పుడే నీళ్లు వచ్చాయి.

అంతా నేననుకున్నట్టే ఉంది. వాగుంది, బస్తాల మీద ఆయన ఉన్నాడు, సీటు కింద తీగుంది.

ఎక్కబోతుంటే చెట్ల కింద నుంచి ఒక ఆడమనిషి పరిగెత్తుకుంటూ వచ్చింది. భుజాన నాలుగేళ్ల ఆడపిల్ల. చీర కొంగంతా పిల్లకే చుట్టింది.

"అన్నా, ఓ అన్నా! నేను తండా లాలిని. బిడ్డకు జరం నెత్తికెక్కింది. కండ్లు తేలేస్తున్నది. భద్రాచలం దవాఖానాకు తీస్కపో అన్నా, నీ కాల్మొక్త."

పిల్ల ఒళ్లు ముట్టుకున్నాను, కాలిపోతోంది. నేను చూస్తుండగానే ఒళ్లు బిర్రబిగిసి, పళ్లు కొరికి, మళ్లీ మెత్తబడింది.

పైనుంచి వెంకటప్పయ్య వంగి చూశాడు. "ఏంటంట?"

"పిల్లకు ఫిట్సు. పడుకోబెట్టాలె."

"మడ్‌గార్డు మీద కూర్చోమను."

"గిట్ల బిగుసుకునే పిల్లను పట్టుకుని మడ్‌గార్డు మీద వాగు దాటుతదా? చెయ్యి జారితే?"

"అయితే అంచు కాస్త లేపుతా, బరకం కిందకి దూరమను."

"మిరప ఘాటుల మనమే దగ్గుతం. పసిపిల్ల సస్తది. బరకం మొత్తం తియ్యాలె. బస్తాల మీద వాళ్లను పండబెట్టి, బరకాన్ని గుడిసెలెక్క వాళ్ల మీద కప్పాలె."

ఆయన గొడుగు కింద నుంచి ఆకాశం చూశాడు. బస్తాల వైపు చూశాడు. తర్వాత లాలి వైపు చూసి, నెమ్మదిగా, మర్యాదగానే అన్నాడు.

"బరకం తీస్తే సరుకు పోద్దమ్మా. ఇది దించి మళ్లీ ట్రిప్పు వస్తాంలే, ఆగు."

నా చెవుల్లో వాన చప్పుడు ఆగిపోయింది. అదే మాట, అదే వరస. అప్పుడు నాకు చెప్పిన మాట నాకోసమే చెప్పిందనుకుంటూ ఇన్నేళ్లు బతికాను. అది ఆయన నోట్లో ఎప్పుడూ ఉండే మాటే.

సీటు కింద తీగ వైపు చూశాను. లాలిని ఇక్కడే వదిలేసి వాగులోకి దిగితే నా పని అయిపోతుంది. ఆయన పోతాడు, బస్తాలు పోతాయి. ఈ పిల్ల ఇదే గట్టు మీద, ఆ మంచం దించిన చోటే పోతుంది. లాలిని ఎక్కిస్తే తీగ లాగలేను. పుల్ల సగం మునిగింది. పిల్ల మళ్లీ బిగుసుకుంది. ఈసారి చిన్నగా మూలిగింది.

నేను పైకి చూసి అన్నాను: "దిగు."

"ఏంటి?"

"దిగి ముడులిప్పు."

"ఏరా, ఎవరితో మాట్లాడుతున్నావ్? నువ్వే విప్పు."

"నేను ఇప్ప. నువ్వే ఇప్పాలె. నువ్వు ఇప్పేదాక బండి కదలదు. ఆ పుల్ల మునిగినంక ఎట్లనూ కదలదు. నీ కాయ, నువ్వు, ఈ గట్టు. నీ ఇష్టం."

"హరిలాల్‌తో చెప్పి నీ అంతు చూస్తా!"

"చూడు. ముందు దిగు."

ఆయన దిగాడు. తడిసిన నారతాడు బిగుసుకుపోతుంది. ముడి మీద ముడి వేసింది ఆయనే కదా. గోళ్లతో పీకాడు, పళ్లతో లాగాడు. లాలి సాయం చెయ్యబోతే నేను వద్దన్నాను. ఆఖరి ముడి దగ్గర ఆయన వేళ్లు చిట్లి రక్తం వచ్చింది. బరకం జారగానే వాన బస్తాల మీద దబదబ కొట్టింది. ఆ చప్పుడు వినటానికి పదకొండేళ్లు పట్టింది నాకు.

తల్లీబిడ్డలను బస్తాల మీద పడుకోబెట్టి, బరకం వాళ్ల మీద గూడులా కప్పి, అంచులు ఆయన చేతికిచ్చాను. "ఎగిరిపోకుండ పట్టుకో."

తర్వాత వెనక్కి వెళ్లి వంగాను. పిన్ను తల నుంచి తీగ విప్పి వాగులోకి విసిరేశాను. జేబులోంచి క్లిప్పు తీసి పిన్నుకు తగిలించి, గట్టిగా లాగి చూశాను.

ఆయన పైనుంచి చూస్తూనే ఉన్నాడు. "ఏంటది?"

"పిన్నుకు క్లిప్పు."

"ఇందాకటి నుంచీ లేదా?"

"లేదు."

"మరి ఇప్పుడెందుకు పెడుతున్నావ్?"

"ఇప్పుడు మనుషులెక్కిన్రు."

ఆయన ముందు అర్థంకానట్టే చూశాడు. తర్వాత గ్రీజు పూసిన పిన్నును చూశాడు, తీగ కొట్టుకుపోయిన వైపు చూశాడు. బరకం అంచును రెండు చేతులకూ చుట్టుకున్నాడు.

వాగులోకి దింపాను. నడుమకొచ్చేసరికి నీళ్లు యాక్సిలు దాటి నా కాళ్లను తడిపాయి. ట్రక్కు ఒక పక్కకు జరగబోయింది కానీ తడిసి బరువెక్కిన బస్తాలు దాన్ని నేలకు అదిమిపెట్టాయి. అక్కడ కావాలనే ఒకసారి క్లచ్చి నొక్కాను. బండి క్షణంసేపు ఆగింది. వెనక నుంచి ఆయన అరిచాడు. గొంతు గుర్తుపట్టలేనంత సన్నగా ఉంది. క్లచ్చి వదిలాను. గట్టెక్కాం.

అవతలికి చేరగానే, "కాస్త ఆపు, మిగతా సరుకన్నా కప్పుకుంటాను" అన్నాడు. బెల్టు తగిలించేటంతసేపే ఆపాను. ఆయన్ని దిగనివ్వలేదు. మిగిలిన దారంతా వాన పడుతూనే ఉంది. ట్రక్కు చెక్కల సందుల్లోంచి ఎర్రనీళ్లు రోడ్డు పొడుగునా కారాయి.

దవాఖానా ముందు లాలి దిగి, పిల్లతో లోపలికి పరిగెత్తింది. నాకు దణ్ణం పెట్టే తీరిక కూడా దానికి లేదు. వెంకటప్పయ్య మాత్రం అక్కడే, తడిసిన బస్తాల నడుమ కూర్చున్నాడు.

"ఎవరు నువ్వు? నీకు నేనేం చేశాను?"

"నాంచారమ్మ మొగుణ్ని."

"ఏ నాంచారమ్మ?"

"డెబ్బై తొమ్మిదిల, గదే వాగు కాడ, మంచం మీద. మళ్లీ ట్రిప్పొస్తమన్నవు."

ఆయన గుర్తుకోసం వెతుక్కున్నాడు. నిజంగానే వెతుక్కున్నాడు. "వాగు దగ్గర శానామంది ఆగేవాళ్లబ్బాయ్. ఏ మంచం?" అన్నాడు చివరికి.

ఆ క్షణాన క్లిప్పు పెట్టినందుకు నా చెయ్యి నేనే నరుక్కోవాలనిపించింది.

లాలి బిడ్డ బతికింది. ఊళ్లో నన్ను మంచోడంటారు. ఆపద చూసి బండి ఆపిండు, పిల్ల పానం నిలబెట్టిండు అంటారు. నేను ఊరుకుంటాను. కాయ మొత్తం బూజు పట్టి భద్రాచలంలోనే పారబోశారని విన్నాను. ఆయన హరిలాల్‌కు నా మీద ఏమీ చెప్పలేదు. చెప్తే, నేనెందుకు అట్లా చేశానని అడుగుతారు.

ఒక్కటి మాత్రం మారింది. ఇప్పుడు వెంకటప్పయ్య ఏ ట్రాక్టరు ఎక్కాలన్నా, తన సొంత ట్రాక్టరైనా సరే, ముందుగా దాని వెనక్కి వస్తాడు. పంచె ఎగ్గట్టి, బురదలో మోకాలు ఆనించి, తల ట్రక్కు కిందికి పెట్టి పిన్నును చేత్తో తడుముతాడు. ఒకసారి చూసి లేచి, నమ్మకం చాలక మళ్లీ వంగుతాడు. కూలీలు వెనక నవ్వుకుంటారు.

"ముసలోనికి అదేం రోగమే?" అంది మొన్న బండి తీసుకుని పోయినప్పుడు కల్లంలో కూలికొచ్చిన ఆదెమ్మ.

"ఏమో" అన్నాను.

ఆయన లేచి దుమ్ము దులుపుకుంటూ నన్ను చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. మబ్బు పట్టి ఉంది. ఆయన ఇంకోసారి వంగాడు.