నొప్పి లేని నడక

అయితే కిందటేడు కూడా అంతేనన్నమాట. ఆ ముందేడూ అంతే కావచ్చు. మంగళగిరి నుంచి గుణదల దాకా చెప్పుల్లేకుండా నడిచి, కొండ మీద సిలువ దగ్గర మోకరించి లేచినప్పుడు అరికాళ్ళ కింద దూది పరిచినట్టుండడం మరియమాత దయ కాదు, ఒంట్లో చేరిన చక్కెర. రిక్షాలో ఇంటికి పోతున్న శౌరయ్య కట్టు కట్టిన తన కుడికాలి వంక, ఎవరిదో వస్తువు ఒప్పజెపితే మోసుకుపోతున్నట్టు చూసుకున్నాడు. కాలవ నీళ్ళు కాసే లస్కరుగా ముప్పై ఏళ్ళు గట్లమ్మట తిరిగిన కాలు అది.

డిస్పెన్సరీలో నర్సు దానమ్మ పది నిమిషాల్లో అంతా తేల్చేసింది. కాంపౌండరు అతని మూత్రాన్ని నీలం మందులో కలిపి దీపం మీద కాచాడు. నీలం పచ్చబడి, పసుపెక్కి, చివరికి చక్కెర బాగా ఉన్నట్టు ఇటుక రంగుకు తిరిగింది. తరవాత ఆమె అతని కాలు ఒళ్ళోకి తీసుకుని, పట్టకారుతో అరికాల్లోంచి ఎర్రగాజు ముక్క పీకి పళ్ళెంలో వేసింది.

"గాజులు చేతికి తొడుక్కుంటారు గానీ, కాలికి తొడుక్కున్నారేంటి బాబాయిగారూ?"

"తిరునాళ్ళలో గుచ్చుకుని ఉంటుంది."

"తిరునాళ్ళయి నాలుగు రోజులైంది. నాలుగు రోజులూ దీని మీదే నడిచారా? ఏదీ, కళ్ళు మూసుకోండి. ఇప్పుడు ఏ వేలు ముట్టుకున్నాను?"

"బొటనవేలు."

"నేనింకా ముట్టుకోలేదండీ."

నరాలు చచ్చుబడ్డాయంది. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలట. ఆనెకాయల్ని బ్లేడుతో చెక్కకూడదట. వేళ్ళ సందుల్లో తడి ఉండకూడదట. రోజూ అరికాళ్ళు చూసుకోవాలట. ఎర్రబడ్డా, వాచినా, వాసనేసినా ఆ పూటే రావాలట.

"ఆ పొట్టతో మీ అరికాలు మీకెటూ కనపడదు. పిన్నిగారి చేత చూపించుకోండి. లేకపోతే ఈసారి చూసేది నేను కాదు, పెద్దాసుపత్రిలో రంపం పట్టుకున్నాయన."

పిన్నిగారి చేత. ఆ మాటకి అతను దానమ్మ ఒళ్ళోంచి కాలు లాగేసుకున్నాడు.

కిందటేడు, డెబ్బై నాలుగులో, అతని భార్య మాణిక్యమ్మ కూడా నడిచింది. బ్యారేజీ దాటేసరికే ఆమె అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఏలూరు రోడ్డు మీద కూలబడి, ఏడుస్తూ రిక్షా ఎక్కింది. అతను వెనక్కి తిరిగి చూడలేదు. ఆ వారం జపమాల కూటంలో లేచి నిలబడి, "నా కాళ్ళని మాతే మోసింది. విశ్వాసం లేనివాళ్ళని రిక్షావాడు మోశాడు," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె ముసుగు ముందుకు లాక్కుంది. కూరలో ఉప్పు తగ్గినా, ప్రార్థనలో కునుకు పట్టినా, ఏడాది పొడుగునా అతను ఆ రిక్షానే ఎత్తిపొడిచాడు. ఈ ఏడు ఆమె రానంది.

ఇప్పుడు ఆలోచిస్తే తనకు కావలసింది మాత దయ కూడా కాదేమో. తన వెనక ఒకరు కూలబడి ఉండాలి. ఆ బొబ్బలే లేకపోతే తన నడక ఎవరిక్కావాలి? ఆమె కాళ్ళు బతికి ఉన్నాయి గనక ఏడ్చాయి. తనవి చచ్చాయి గనక ఊరుకున్నాయి. ఈ మాట తట్టగానే అతనికి దానమ్మ మీద ఎక్కడలేని కోపం వచ్చింది. గాజుముక్కతో పాటు ఇంకేదో కూడా పీకేసింది ఆ పిల్ల. కట్టు మీద వేలితో నొక్కి చూశాడు. నొప్పి రాలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు.

"కాలు నొప్పాండీ?" అన్నాడు రిక్షావాడు, వెనక్కి తిరిగి.

"లేదు," అన్నాడు శౌరయ్య. ఇన్నేళ్ళుగా గొప్పగా చెప్పుకున్న ఆ మాట అనడానికి ఇప్పుడు సిగ్గేసింది.

మాణిక్యమ్మ వాకిట్లోకి వచ్చింది. "ఆ కట్టేంటండీ?"

"ఏం లేదు. బెణికింది."

ఆమె లోపలికెళ్ళి, కాసేపటికి బకెట్‌తో వచ్చి అరుగు ముందు పెట్టింది. నీళ్ళ మీంచి పొగలు లేస్తున్నాయి.

"ఉప్పేసి కాచాను. కట్టు విప్పి కాలు పెట్టండి. వేడెక్కువైతే చెప్పండి, చన్నీళ్ళు కలుపుతాను."

వేడెక్కువైతే చెప్పడమెలా? కాలు ముంచి, మొహం ఎక్కడా చెదరకుండా కూర్చోగలడు. తోలు ఉడికిపోతున్నా అతనికి తెలియదు. ఆమె మాత్రం మళ్ళీ అదే విశ్వాసాన్ని చూస్తుంది. ఒక్క క్షణం ఆ ఆలోచన తియ్యగా ఉంది. అంత తియ్యగా ఉన్నందుకే అతనికి భయమేసింది.

"ఏం, జంకుతున్నారు? మాత మోసిన కాళ్ళు గదా," అంది మాణిక్యమ్మ. ఏడాది నుంచీ పళ్ళ బిగువున దాచుకున్న మాట.

శౌరయ్య ముడి విప్పాడు. చుట్లు ఒక్కొక్కటే ఊడదీశాడు. రెండు చేతులతో మడమ పట్టుకుని, కాలు పైకెత్తి, అరికాలు ఆమె వైపు తిప్పాడు.